మనిషికి 450, ఏడు రోజులకు

మా కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) క్యాంపులో అందరికీ గడ్డపారలు, సలికె పారలు పంచి నా చేతిలో మాత్రం ఒక పొడుగు నోటుబుక్కు పెట్టారు. బీకాం చదివినందుకు శిక్ష. "లెక్కలు నువ్వు చూడు తల్లీ, నాకు మొక్కలంటే తెలుసు గానీ ఓచర్లంటే తెల్వదు" అన్నారు పీఓ సార్. ప్రోగ్రాం ఆఫీసర్ అని ఎవరూ పూర్తిగా అనరు, ఎన్‌ఎస్‌ఎస్‌లో ఆయన పీఓ సారే. మా సార్ బోటనీ చెప్పేవారు.

2018 మే నెల. సెకండియర్ పరీక్షలు అయిపోయాయి. గాంధీ శతజయంతి వేళ, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మందితో జాతీయ సేవా పథకం మొదలైందనీ, బ్యాడ్జీ మీది కోణార్క చక్రానికి ఎనిమిది ఆకులుంటాయనీ, అంటే ఎనిమిది జాములూ సేవకు సిద్ధమనీ చేరినప్పుడే చెప్పారు. ఏడాదికి 120 గంటల లెక్కన రెండేళ్లలో 240 గంటలు పని చేయాలి. దాంతోపాటు ఏదో ఒక ఊళ్లో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు ఉండాలి. అప్పుడే సర్టిఫికెట్. ఇదీ చెప్పారు. చెప్పనిది ఒక్కటే, నోటుబుక్కు మొదటి పేజీలో నేను రాసుకున్నది: క్యాంపుకు అప్పట్లో ప్రభుత్వం ఒక్కో వాలంటీరుకు ఇచ్చేది 450 రూపాయలు. రోజుకు కాదు. ఏడు రోజులకూ కలిపి.

యూనిట్‌లో వంద మంది, క్యాంపుకు సగం మంది. 50 మందికి 22,500. అందులో సామాన్లు మోసే ట్రాలీ ఆటోకు రానూ పోనూ 1,200, బ్యానర్లకు 600, వంటమనిషికీ ఆమె తోడుకూ కలిపి 3,500, ఒక ట్రాక్టరు కంకరకు 3,000 తీసేశాను. మిగిలింది 14,200. దాన్ని 50 మందికీ ఏడు రోజులకూ పంచితే మనిషికి రోజుకు 40 రూపాయల 57 పైసలు. ఇందులో పొద్దున టిఫిను, రెండు పూటల అన్నం, రెండుసార్లు చాయ్. ఆ పైసలు కూడా అప్పటికింకా రాలేదు. సార్ జీతంలోంచి పెట్టారు.

మొదటి రోజు, మే 9, బుధవారం

వరంగల్ బస్టాండులో నర్సంపేట బస్సు ఎక్కాం. ఇరవై ఎనిమిది మంది ఆడపిల్లలం, ఇరవై ఇద్దరు మగపిల్లలు. కండక్టర్ మా బ్యాగులు చూసి "పెండ్లికా?" అన్నాడు. ఎనుమాముల మార్కెట్ వైపు నుంచి వచ్చిన మిర్చి ఘాటుకు సగం బస్సు తుమ్మింది. మాది గీసుగొండ మండలంలో ఒక ఊరు. అప్పుడది వరంగల్ రూరల్ జిల్లా. ఊరి పేరు రాయను. ఇందులో కొందరి ఇంటి సంగతులున్నాయి.

వేసవి సెలవులు కాబట్టి బస బడిలో. గదుల్లో మేము, వరండాలో మగపిల్లలు. చెట్టు నీడ బాగుంది, బోరింగు పనిచేస్తోంది. కానీ ఇరవై ఎనిమిది మందికి ఒక్కటే మరుగుదొడ్డి, దానికీ గొళ్లెం లేదు. పరిశుభ్రత మీద అవగాహన కల్పించడానికి వచ్చిన మేము రాత్రి కూర్చొని చేసిన మొదటి పని, ఎవరు ఎన్ని గంటలకు లేవాలో పేర్లు రాసుకోవడం. నా వంతు నాలుగుంబావు.

సాయంత్రం ప్రారంభోత్సవానికి సర్పంచి వచ్చాడు. "మూడు నెలల్ల దిగిపోతున్న, అయినా మీకు ఏం కావాల్నో అడగండి" అన్నాడు. ఆ ఆగస్టు మొదట్లోనే పాత పంచాయతీల గడువు తీరిపోతుంది. ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. ఎక్కి ఉంటే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకునేదాన్ని.

రెండో రోజు

ఐదింటికి చప్పట్లు. ఎన్‌ఎస్‌ఎస్ చప్పట్లకు ఒక వరస ఉంటుంది. దాంతో వరండాలో మగపిల్లలే కాదు, ఊరి కుక్కలన్నీ లేచాయి. ప్రభాతభేరి అంటూ వాడలన్నీ తిరిగి నినాదాలిచ్చి ఏడింటికల్లా పనికి దిగాం.

పని ఇంకుడు గుంతలు. గిన్నెలు తోమిన నీళ్లు, స్నానాల నీళ్లు బజారు మీద పారకుండా ఇంటి ముందే భూమిలోకి ఇంకాలి. నాలుగడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు. అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన కంకర, పైన ఇసుక. ఏడు రోజుల్లో 20 గుంతలని బ్యానరు మీద కూడా అచ్చేయించాం, ఆ 600లోనే.

మే నెల చెల్క నేల గడ్డపారకు లొంగదు. టంగుమని మోగి వెనక్కి తన్నుతుంది. పదింటికల్లా ఐదుగురి చేతులు బొబ్బలెక్కాయి, గుంతలు మోకాలి లోతు కూడా దిగలేదు. అప్పుడే చెరువు పూడిక పని నుంచి ఉపాధి హామీ ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకొని వస్తున్నారు. ఆగి చూశారు.

"ఏం బిడ్డా, గుంతనా గిది? కోడి గీకినట్టున్నది."

"మీకు రోజుకెంతిస్తరు?" అని ఇంకొకామె.

లెక్కలు నావి కాబట్టి జవాబు నాదే. 450ని ఏడు రోజులకు పంచి చెప్పాను. "అరవై నాలుగు రూపాయలు అత్తమ్మా. తిండి అందులోనే."

ఆ ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ కూలి 205 రూపాయలు. కొలతల్లో కోత పడి చేతికి 150, 160 వస్తున్నాయని వాళ్లే చెప్పారు. అయినా మా 64 విని వాళ్లు నవ్విన నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది. "అగో, సర్కారుకు మాకన్న అగ్గువకు మీరే దొరికిన్రు!"

నవ్వి ఊరుకోలేదు. ఒకామె తట్ట దించి నా పక్కనున్న పిల్ల చేతిలో గడ్డపార లాక్కుని ఎలా పట్టాలో చూపించింది. నిలువుగా కాదు, కొంచెం వాల్చి వేసి పెళ్లలు పెళ్లలుగా లేపాలి. "రాత్రే నీళ్లు పోసి నాననియ్యాలె. తెల్లారి తవ్వాలె. ఎండినదాన్ని ఎవడన్న తవ్వుతడా?" మాకు పాఠాలు చెప్పే ఏడుగురు లెక్చరర్లలో ఒక్కరికీ తట్టలేదిది. ఆ రాత్రి బిందెలతో మోసి పది గుంతల్లో నీళ్లు పోశాం.

ఆ రోజు పప్పు అడుగంటింది. నోటుబుక్కులో దానికి గడి లేదు.

మూడో రోజు

నానిన నేల వెన్నలా కాకపోయినా బెల్లంగడ్డలా తెగింది. తొమ్మిదికల్లా నాలుగు గుంతలు నడుము లోతు దిగాయి.

మధ్యాహ్నం సర్వే. ఆ ఎండాకాలమే కేంద్రం స్వచ్ఛ భారత్ వేసవి ఇంటర్న్‌షిప్ అని ఇంకొకటి పెట్టింది. మే 1 నుంచి జులై 31 లోపు 100 గంటలు ఊళ్లో పనిచేస్తే రెండు క్రెడిట్లు. మాలో కొందరు దానికీ పేరిచ్చారు కాబట్టి ఫారాలు మరింత శ్రద్ధగా నింపారు. ఫారంలో "ఇంట్లో మరుగుదొడ్డి ఉందా?" అని ఒకటే ప్రశ్న. నాలుగు ఇళ్లు తిరిగేసరికి ఆ ప్రశ్న సరిపోదని తెలిసింది. అందరికీ ఉంది. ఒకరి దాంట్లో కట్టెలు, ఒకరి దాంట్లో పత్తి కట్టె, ఒకరింట్లో కోళ్లు పొదుగుతున్నాయి. ఫారం వెనక పెన్నుతో ఇంకో గీత కొట్టి "వాడుతున్నారా?" అని రాసుకున్నాం.

మా వంటవ్వ ఇల్లూ ఆ వాడలోనే. బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆమే, మాకూ ఆమే వండింది. వాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. ఎందుకవ్వా అంటే, "సుట్టాలొస్తే తీస్త" అంది. మిగతా రోజులు? "మనం రోజు పోతె గుంత నిండుతది. నిండితె ఎవడు తీస్తడు? నువ్వు తీస్తవా?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె ఇంటి వెనక ఉన్నవి రెండు గుంతలు. ఒకటి నిండితే దాన్ని మూసి రెండోదానికి మళ్లించాలి, మూసింది ఏడాది దాటితే ఎరువవుతుంది. కట్టించిన వాళ్లు అది చెప్పలేదు, 12,000 రూపాయల బిల్లు తీసుకొని వెళ్లిపోయారు. నేను పుస్తకంలో చదివింది చెప్పాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి "నువ్వు సూసినవా?" అంది.

చూడలేదు. రాత్రి సార్‌తో చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి "అయితే ఆదివారం గంగదేవిపల్లి పోదాం" అన్నారు.

నాలుగో రోజు, మే 12, శనివారం

శ్రమదానం లేదు, సర్వే లేదు. మా బడి మాకే లేదు. తెల్లారేసరికి జీపు వచ్చి ఆగింది, టేబుళ్లు దించారు. మొన్న 10వ తారీఖున హుజూరాబాద్ దగ్గర ముఖ్యమంత్రి మొదలుపెట్టిన రైతుబంధు చెక్కులు ఆ రోజు మా ఊళ్లో. ఎకరాకు 4,000. దాంతోపాటు కొత్త పట్టాదారు పాసుపుస్తకాలు. ఊళ్లో అంత మంది కూర్చునే చోటు బడి ఒక్కటే కాబట్టి మా చాపలు, బ్యాగులు, గిన్నెలు తీసుకొని వేపచెట్టు కిందికి నడిచాం.

మొదట కొంచెం కినుకగానే ఉంది. కానీ ఎనిమిదింటికల్లా మూడు వందల మంది. జాబితా ఇంటిపేర్ల వరసలో లేదు, ఖాతా నంబర్ల వరసలో ఉంది. తమ ఖాతా నంబరు ఎవరికి గుర్తుంటుంది? ముసలివాళ్లు వరసలో గంట నిలబడి బల్ల దాకా వెళ్లి "నీ పేరు ఈ కట్టలో లేదు" అనిపించుకొని మళ్లీ వెనక్కి. ఒక ఉద్యోగి తలపట్టుకొని మా వైపు చూశాడు. సార్ కూడా మా వైపే చూశారు.

అంతే, క్యాంపు మొత్తంలో అసలు పని ఆ రోజు జరిగింది. పది మందిమి జాబితా తెచ్చుకొని నేల మీద కూర్చొని పేర్ల వరసలో ఇంకో కాగితం రాశాం. ఒక జట్టు వరస మొదట్లోనే పేరడిగి, నంబరు చీటీ రాసి చేతిలో పెట్టింది. కొందరు మంచినీళ్లు పట్టారు. ఇద్దరం ఇంకుప్యాడు పట్టుకొని వేలిముద్రల దగ్గర నిలబడ్డాం. వేలు పట్టి ప్యాడు మీద అద్ది, కాగితం మీద పెట్టి, ఒక్క క్షణం ఆగి తీయాలి. ఎన్ని బొటనవేళ్లు పట్టుకున్నానో లెక్క పెట్టలేదు. చాలా వాటి మీద గీతలే లేవు. కూలి పనికి, గడ్డికి అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ముద్ర పడితే నల్లటి చుక్క.

కొందరి పాసుపుస్తకాల్లో పేరు తప్పు, కొందరికి విస్తీర్ణం గుంటల్లో తేడా. ఒకాయన గంట సేపు కేకలేశాడు, ఆయన కేకల్లో న్యాయముంది. పదకొండింటికి హైదరాబాద్ నంబరు కాకపోయినా ఆ తీరున్న తెల్ల కారొకటి వచ్చింది. దిగినాయనకు ఊళ్లో ఆరెకరాలు. 24,000 చెక్కు తీసుకొని, మా బ్యానరు దగ్గర నిలబడి మమ్మల్ని మెచ్చుకొని, చాయ్ తాగి వెళ్లాడు.

ఆ చాయ్ పోసింది మా వంటవ్వ. ఆ ఆరెకరాల్లో రెండెకరాలు కౌలుకు పట్టి పత్తి వేసేది ఆమే, ఆమె కొడుకే. చెక్కు పట్టాదారుకు, కౌలుకు చేసేవాళ్లకు లేదు. రాత్రి గిన్నెలు తోముతూ ఆమే చెప్పింది ఈ సంగతి, కోపంగా కూడా కాదు. "వరసల నిలబడ్డ బిడ్డా. ఎందుకంటే, అందరు నిలబడ్డరు గద."

ఐదో రోజు

రెండు ట్రాక్టర్లు సర్పంచి పంపాడు, డీజిల్ కూడా ఆయనదే. నోటుబుక్కులో సున్నా. పులిహోర మూటలు కట్టుకొని అవ్వను కూడా ఎక్కించుకున్నాం. "నాకెందుకు" అని ఒకటే గొణుగుడు, కానీ కొత్త చీర కట్టుకొచ్చింది.

గంగదేవిపల్లి ఒకప్పుడు మచ్చాపూర్‌కు శివారు పల్లె. 1994లో వేరే పంచాయతీ అయింది. మా చిన్నప్పటి నుంచి పాఠాల్లో, పేపర్లలో ఈ ఊరి పేరు వింటూనే ఉన్నాం. పనికొక కమిటీ, అందరూ పన్ను కట్టే ఊరు, సారా లేని ఊరు. ఎక్కువ పొగిడిన ఊళ్లంటే నాకు అనుమానం. వీధులు మాత్రం నిజంగానే శుభ్రంగా ఉన్నాయి. పన్నుల వివరాలు పంచాయతీ గోడ మీదే ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు. బీకాం కళ్లకు నచ్చింది.

మేం వచ్చింది దానికి కాదు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ ఈ ఊరికి వచ్చి, మూసిపెట్టిన మరుగుదొడ్డి గుంతలోకి తానే దిగి ఎరువు తోడిపోశారు. ఢిల్లీ నుంచి వచ్చిన ఐఏఎస్ అధికారి గుంతలోకి దిగాడన్న వార్త అప్పట్లో దేశమంతా తిరిగింది. ఆ ఊరివాళ్లు ఒక ఇంటి వెనక మూత తీసి చూపించారు. మగపిల్లల్లో నలుగురు ముక్కు మూసుకొని వెనక్కి జరిగారు. మూసుకోవలసిన పనే లేకుండింది. లోపల ముదురు గోధుమ రంగులో పొడి మట్టి, కాఫీ పొడిలా. ఆ ఇంటాయన పారతో కొంచెం తీసి కాగితం మీద పోశాడు.

అందరం చుట్టూ నిలబడి చూస్తున్నాం, ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి, కూర్చొని, పిడికెడు తీసుకొని నలిపింది. వాసన చూసింది.

"మన్నే," అంది. తర్వాత ఆయన్ని అడిగింది ఒక్కటే. "ఎన్ని దినాలు మూసిన్రు?"

"ఏడాదిన్నరవ్వా."

తిరుగు దారంతా అవ్వ ఏమీ మాట్లాడలేదు. ట్రాక్టరు దిగేటప్పుడు మాత్రం, మిరప తోటకు వేస్తే ఎలా ఉంటుందని సార్‌ని అడిగింది. బోటనీ సార్‌కు ఆ ఏడాది మొత్తంలో అంత ఆనందం కలిగించిన ప్రశ్న ఇంకెవరూ వేయలేదనుకుంటా. బడికి చేరేదాకా నత్రజని గురించి చెబుతూనే ఉన్నారు.

ఆరో రోజు

తెల్లవారుజామున గాలివాన. వరండాలో పడుకున్న ఇరవై ఇద్దరూ చాపలతో సహా మా గదుల్లోకి. మూడు మామిడి చెట్ల కాయలు రాలి బడి గోడ పక్కన పడ్డాయి, ఆ రోజు మామిడికాయ పప్పు, మర్నాడు పచ్చిపులుసు. కూరగాయల ఖర్చు రెండు రోజులు నిల్. దేవుడి దయకు ఓచరుండదు.

వాన వెలిశాక గుంతలు చూడ్డానికి పోయాం. అప్పటికి తొమ్మిది పూర్తయ్యాయి. పై వాడలో ఆరు, చెరువు కింది వాడలో మూడు. పై వాడ చెల్క నేల, గుంతల్లో చుక్క నీరు లేదు, తాగేశాయి. కింది వాడ నల్ల రేగడి. మూడు గుంతలూ నిండి నీళ్లు నిలబడి ఉన్నాయి, సాయంత్రానికీ అలాగే ఉన్నాయి. రేగడి తడిస్తే ఉబ్బి బిగుసుకుంటుంది, నీటిని కిందికి వదలదు. తవ్వకముందు చిన్న బొక్క తీసి, బిందెడు నీళ్లు పోసి, ఎంతసేపట్లో దిగుతాయో చూసుకోవాల్సింది. ఇంత చిన్న పని చేయకుండా మూడు దోమల కుండీలు తయారుచేసి పెట్టాం. ఆ ఇంటామె ఏమీ అనలేదు, కానీ చూసిన చూపు చాలు. మరుసటి రోజు వాటిని మేమే పూడ్చాం. రిపోర్టులో "తొమ్మిది గుంతలు" అని ఉంది. పూడ్చిన సంగతి లేదు.

ఏడో రోజు

సర్టిఫికెట్లు, ఫొటో, సర్పంచి ఉపన్యాసం. పిల్లల్లో సగం మంది ఏడ్చారు. నాకు ఏడవడానికి టైం లేదు, లెక్క తేలలేదు.

తేలలేదంటే పైసలు తక్కువ పడి కాదు. మిగిలాయి. 40 రూపాయల 57 పైసల్లో 50 మందిని మూడు పూటలా ఎలా మేపామో నాకే అర్థం కాక నోటుబుక్కు మొదటి నుంచి చదివాను. కొన్న బియ్యం 25 కిలోల బస్తాలు మూడు. మా తిండికి ఏడు రోజులకు 140 కిలోల దాకా పడుతుంది. మిగతా 65 కిలోలు? సర్వేకు పోయిన ప్రతి ఇంటామే "పిలగాండ్లు ఏం తింటున్నరో" అని సాయంత్రం చాటలో తెచ్చి అవ్వ దగ్గర పోసినవి. కందిపప్పు, చింతపండు, రెండు కుండల మజ్జిగ, తాటి ముంజలు ఒక గంపెడు. నేను వాటిని వెనక పేజీలో పెన్సిల్‌తో రాసుకున్నాను, ఇంటి పేరుతో, శేర్ల లెక్కన. సరదాకి.

ఆ పెన్సిల్ పేజీయే తర్వాత మమ్మల్ని కాపాడింది.

సెప్టెంబరు

క్యాంపు డబ్బులు అప్పుడు వచ్చాయి. వాటి వెంటే లెక్కల పరిశీలన. 75 కిలోల బియ్యంతో 50 మంది ఏడు రోజులు ఎలా తిన్నారు? హాజరు తప్పా, బిల్లు తప్పా? రెండూ ఒప్పేనని సార్ చెప్పారు. గ్రామస్తులు ఇచ్చారనడానికి ఆధారం కావాలన్నారు. సర్పంచి లెటర్‌ప్యాడ్ మీద ఒక్క ముక్క సరిపోయేది. కానీ ఆగస్టులో పదవీకాలం అయిపోయి ఊళ్లన్నీ ప్రత్యేకాధికారుల చేతుల్లోకి పోయాయి. మాజీ సర్పంచి సంతకం చెల్లదు, కొత్తగా వచ్చినాయనకు మే నెల సంగతి తెలియదు. మిగిలింది ఒకటే దారి. ఇచ్చిన వాళ్ల చేతే సంతకాలు, వేలిముద్రలు.

నేనూ, సారూ, ఇంకో ఇద్దరం ఒక ఆదివారం మళ్లీ నర్సంపేట బస్సెక్కాం. నా సంచిలో పెన్సిల్ పేజీ జిరాక్సు, ఇంకుప్యాడు.

పత్తి చేన్లు పూతకొచ్చాయి. పై వాడలో మా ఆరు గుంతల్లో ఐదు పనిచేస్తున్నాయి, ఒకదాని మీద ఎవరో బర్రెను కట్టేశారు. చేతిలో జాబితా, ఇంకుప్యాడు చూడగానే ఆడవాళ్లు గుమిగూడారు.

"ఏం బిడ్డా, మల్ల చెక్కులొచ్చినయా?"

కాదు, మీరు ఎండాకాలం మాకు బియ్యం పోశారు కదా, పోసినట్టు ముద్ర వేయాలి అని చెప్పాను. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకామె పక్కామెతో, "పెట్టినోళ్లకు గూడ సంతకం అడుగుతరు సూడు" అంది.

వంటవ్వ ఇంటికి చివర్లో వెళ్లాం. మరుగుదొడ్డికి తాళం లేదు. పెన్సిల్ పేజీలో ఆమె పేరు మీద మూడు శేర్ల బియ్యం, ఒక కుండ మజ్జిగ ఉన్నాయి. రెండెకరాల కౌలు ఆ ఏడూ ఆమే చేస్తోంది. చేతులు కొంగుకు తుడుచుకొని బొటనవేలు చాపింది. పట్టుకొని ప్యాడు మీద అద్దాను.

"దీనికెన్ని పైసలొస్తయి?"

"ఏం రావవ్వా."

"గప్పుడూ రాలె," అంటూ తనే వేలు కాగితం మీద పెట్టి గట్టిగా ఒత్తింది.